డేరా ముంగిటి దీపము



ఇల్లు విడిచి బయలున బసచేయువానికి ముఖ్యముగా గావలసినవి రెండు: పగలు నీడ, రాత్రి వెలుగు. నీడకు గుడ్డయు, వెలుగునకు మంటయు మానవుడు తొలుత సంపాదించిన సాధనములు. అయితే ఈ రెండింటికిని జాతివైరము. గుడ్డ యున్నచోట మంటను దూరముగ నుంచవలయును; మంట దూరమైనచో గుడ్డక్రింద చీకటి. ఈ చిక్కును మన పూర్వులును, పరదేశీయులును ఏయే కాలములందు ఏయే యుపాయములచే దీర్చుకొనిరో, ఎచ్చట దీర్చుకొనలేక కడగండ్లపాలైరో నేడు మనవిచేయ దలచితిని. ఇందు రాజుల ప్రస్తావన స్వల్పము. పెండ్లికో, జాతరకో పందిరి వేయించు పెద్దలకు పనికివచ్చు సంగతులు ఎక్కువ.

గుడారమునకు సంస్కృతమున పటకుటి యనియు, దూష్యమనియు పేళ్లు గలవు. మన యూళ్లలో డేరా, షామియానా అను మాటలే వాడుక. మొగలాయి చక్రవర్తుల దండు కదలినదన్న నొక పట్టణమే కదలినట్లుండెడిది. అంతటి దండులో చీకటిపడిన పిమ్మట తన డేరా యెచ్చటనున్నదో తెలియక తడుముకొనువారు పలువురు. అక్బరు చక్రవర్తి యాస్థానమున నుండిన అబుల్ ఫజలు తన ఐనీ అక్బరీ గ్రంథమున దీనికి జేసిన యుపాయమును వర్ణించినాడు. దర్బారు ముంగిట 40 గజములకు మించిన స్తంభమును నిలిపి, 16 మోకులతో బిగించి, కొనయందు పెద్దదీపము నుంచెడివారట. దానిపేరు ఆకాశదియా. ఔరంగజేబు కాశ్మీరయాత్రకై 1664వ సంవత్సరాంతమున ఢిల్లీనుండి బయలుదేరినపుడు ఆ దండుతో బోయిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియరు గూడ నిట్టి దీపమును దన లేఖలయందు బేర్కొనెను. కార్తికమాసమున శివాలయ ధ్వజస్తంభమునకు ఆకాశదీప మెత్తు మనకు ఈ పేరును, ఈ తీరును గ్రొత్తవి గావు. ఇందలి యుక్తి గమనింపదగినది. మంటను గుడ్డకంటె మిక్కిలి యెత్తున నుంచిరి. దారి తెలిసెను, డేరాకు నిప్పంటు భయమును లేదు. కాని ఆ వెలుగు దారి చూపుటకే చాలును. డేరా ముంగిట గూర్చుండి పనిచేసికొనుటకు జాలదు.

పనికి జాలు వెలుగు గావలెనన్న మంటను దగ్గరకు దెచ్చుకొనవలయును. మన కూచిపూడి భాగవతులు రాత్రులందు ఆరుబయట నాడునపుడు దివిటీలు పట్టించెడివారు. ముఖ్యపాత్ర ప్రవేశించువేళ దివిటీపై గుగ్గిలపు పొడి చల్లగా భగ్గున మంటలేచి, పాత్రధారి ముఖము దేదీప్యమానమై కనబడెడిది. తోలుబొమ్మలాటవారి నేర్పు ఇంకను గొప్పది. ముందు తెల్లని తెరగుడ్డ, వెనుక ఆముదపు దీపములు, నడుమ బొమ్మలు. మంటకును గుడ్డకును ఎడము బహుస్వల్పము. అయినను తెల్లవారువరకు ఆట సాగెడిది. దీనికి కారణము, ఆ దీపముపై నెప్పుడును ఒకని చూపు నిలిచియుండుటయే. ఒత్తి యెగదోయుట, చమురు పోయుట, గాలి తిరిగినపుడు అడ్డముపెట్టుట అనునవి వాని పనులు. దీపమునకు కాపరి యుండుట ఆనాడు ఆటలో నొక భాగము. ఈ కాపరిని మీరు జ్ఞాపకమునందుంచుకొనవలయునని ప్రార్థన.

1859వ సంవత్సరమున అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున డ్రేకు అనునతడు బావి దింపి నేలనూనెను దీసెను. అటుపిమ్మట కిరసనాయిలు లోకమంతట వ్యాపించినది. గాజుగొట్టములో మంటను బంధించిన లాంతరు గాలికి నిలుచును, చేతబట్టుకొని తిరుగుటకు ననుకూలము; వెలుగు మాత్రము కొద్ది. ఈ కొరతను దీర్చినవాడు ఆస్ట్రియా దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్. అతడు 1885లో మాంటిలును గనిపెట్టి, 1891 నాటికి దానిని సంస్కరించి, 99 పాళ్లు థోరియము, ఒక్కపాలు సీరియము గల పాకమును నిర్ణయించెను. ఆ లోహముల లవణములలో నూలువలను దడిపి యారబెట్టి కాల్చినచో, నూలు పోయి వల యాకారమున బూడిద నిలుచును. మంటవేడిమికి ఆ బూడిదయే తెల్లగా ప్రకాశించును. మంటకు వెలిగించు పని తప్పి, కాచు పని మాత్రమే మిగిలినది. ఈ థోరియమునకు మూలమైన మోనజైటు ఇసుక మనదేశమున తిరువాన్కూరు తీరమున నున్నట్లు 1909లో షోంబర్గు అను జర్మను కనుగొనెను. అచ్చటి యిసుక ఓడలకెక్కి విదేశములకేగి, మాంటిళ్లకు ముడిసరుకయ్యెను. మన భీమునిపట్టణపు తీరమునను ఈ ధాతువు గలదు.

ఈ మాంటిలునకు కిరసనాయిలు ఆవిరిని జోడించి, 1910 ప్రాంతమున బెర్లిను నగరమున మాక్స్ గ్రెట్జ్ అను నతని కర్మాగారము పెట్రోమాక్సు దీపమును వెలువరించెను. పెట్రోలియము అను మాటలోని ముందు భాగమునకు అతని పేరు చేర్చగా నేర్పడిన పేరది. మనవారు ఏ సంస్థ చేసిన దీపమునైనను పెట్రోమాక్సు అనియే పిలిచిరి. గ్యాసులైటు అనియు నందురు. నా బాల్యమున మా యూర హరికథ జరుగునాడు ఆ దీపమును వెలిగించుట చూచుటకే పిల్లలము ముందుగా జేరెడివారము. దీపమువాడు గిన్నెలో స్పిరిటు పోసి గొట్టమును గాచును; పిమ్మట పంపుకొట్టి గాలి నింపును; నూనె యావిరియై మాంటిలున జొచ్చి బుస్సుమను ధ్వనితో తెల్లని కాంతి నిండును. కథ నడుమ గాలి తగ్గి వెలుగు మందగించినచో దాసుగారు పద్యము ముగించి యాగుదురు. దీపమువాడు వచ్చి పంపుకొట్టును. కథ మరల సాగును. పెండ్లి యూరేగింపులయందు ఈ దీపములను నెత్తిన మోసినవారి కష్టమును మన పెద్దలందరు నెరుగుదురు. వారి వెలుగున వధూవరుల ముఖములు చూచిన వారేగాని, మోయువారి ముఖములు చూచినవారు అరుదు. ఏమైనను ఈ దీపమునకును కాపరి యుండెను.

ఇక కడగండ్ల సంగతి. 1897వ సంవత్సరము మే 4వ తేదీన పారిసు నగరమున ధర్మకార్యార్థమై సంపన్న కుటుంబముల స్త్రీలు ఒక సంత నేర్పాటుచేసిరి. కొయ్యతో గట్టిన పాక, రంగులువేసిన గుడ్డలు, అట్టలు, నెత్తిపైన పరచిన మేలుకట్టు. ఇదీ దాని యలంకారము. అప్పుడప్పుడే వచ్చిన చలనచిత్రమును జూపుటకు ఈథరు, ప్రాణవాయువు కలిపి మండించు దీపమును దెచ్చిరి. దీపమున ఈథరు నింపువేళ చెంతనే అగ్గిపుల్ల గీచుటచే ఆవిరి యంటుకొని, క్షణములలో మేలుకట్టునకు బ్రాకినది. మండుచున్న గుడ్డ జనులపై గూలెను. సుమారు 126 మంది మరణించిరి. వారిలో నెక్కువమంది స్త్రీలు. ఆస్ట్రియా చక్రవర్తిని చెల్లెలైన అలాంసాను డచ్చెసు వారిలో నొకతె.

గుడ్డ స్వభావమును దెలుపు కథ మరియొకటి. 1944 జూలై 6వ తేదీన అమెరికాలోని హార్ట్‌ఫర్డు పట్టణమున సర్కసు డేరా పట్టపగలు కాలిపోయెను. నిప్పు పుట్టిన కారణము నిశ్చయముగ దేలలేదు గాని, అది వ్యాపించిన కారణము తేలినది. వాననీరు కారకుండుటకై ఆ డేరాకు పారఫిను మైనమును పెట్రోలులో గరగించి పూసియుండిరి. తడియకుండ జేసిన పూత కాలుటకు దోహదమయ్యెను. మృగములను దెచ్చు కటకటాల దారి కొన్ని ద్వారముల కడ్డుపడెను. 160కి మించి ప్రాణములు పోయెను. వారిలో బాలురే పెక్కండ్రు.

అంతట విద్యుద్దీపము వచ్చినది. మంట గాజుబుడ్డిలోనికి బోయినది. చమురు లేదు, పొగ లేదు. జనులు నిశ్చింతులైరి, కాపరిని పంపివేసిరి. కాని నిప్పు దీపమును విడిచి తీగెలోనికి జేరినది. 1995 డిసెంబరు 23వ తేదీన హర్యానా రాష్ట్రములోని డబ్వాలీలో పిల్లల పాఠశాలోత్సవమునకు షామియానా వేసిరి. తీగెలయందు పుట్టిన నిప్పు కృత్రిమపు నూలు గుడ్డకంటుకొన్నది. అట్టి గుడ్డ నూలుగుడ్డవలె బూడిదగాక, కరగి మండుచు బొట్లుబొట్లుగ మీదబడును. బయటికిబోవు దారి యొక్కటే. 400కు మించినవారు మడిసిరి. వారిలో పసివారే యధికులు. 2004 జనవరి 23వ తేదీన శ్రీరంగమున పెండ్లిపందిరిలో వీడియో తీయుటకై పెట్టిన దీపపు తీగె నుండి పుట్టిన నిప్పు పైకప్పునందలి తాటాకునకంటెను. పెండ్లికుమారునితో గూడ 50 మందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. ముహూర్తము పెట్టుటకు పంచాంగము జూచితిమి గాని, తీగె నెవరును జూడలేదు.

ఇట్లుండగా వేరొక దేశమున, వేరొక యవసరముచే, ఈ చిక్కునకు క్రొత్త పరిష్కారము దొరకినది. పాశ్చాత్యులు విహారార్థమై ఇంటిబండ్లలో దిరుగుదురు. ఈ వేడుకకు ఆద్యుడు స్కాట్లండు వాడైన గార్డన్ స్టేబుల్సు అను నౌకాదళ వైద్యుడు. అతడు బ్రిస్టలు పట్టణపు కర్మాగారమున బండి కట్టించుకొని, దానికి ‘వాండరర్’ అనగా దేశదిమ్మరి యని పేరిడి, రెండు గుఱ్ఱములను బూన్చి, 1885లో ఇంగ్లండు దక్షిణభాగము నుండి స్కాట్లండు ఉత్తరపు సీమవరకు సంచరించెను. ఇట్టి యాత్రికుల సంఘము 1907లో ఇంగ్లండున వెలసినది. పిమ్మట గుఱ్ఱముల స్థానమును మోటారు ఆక్రమించెను. బండి ప్రక్కకు చాచి గుడ్డవసారా వేసికొని, దానిక్రింద గూర్చుండి భుజించుట వారికలవాటు. ఆ వసారాలో తొలుత నూనెదీపములు, పిదప గ్యాసు మాంటిళ్లు వెలిగెను. తరువాత మోటారులకున్నట్లే 12 వోల్టుల బ్యాటరీ వచ్చి, దానితో దీపములు వెలిగించుట మొదలయ్యెను. ఒక్కొక్క అర రెండేసి వోల్టు లిచ్చును గనుక ఆరు అరలకు 12 వోల్టులు. నిప్పునకు వెరచి వారు దీని నెన్నుకొనలేదు. బండిలో నున్నది బ్యాటరీయే గనుక ఎన్నుకొనిరి. మేలు మాత్రము సిద్ధించినది: మన యిండ్లకు వచ్చు 230 వోల్టుల విద్యుత్తు తడిచేతికి దగిలిన ప్రాణాంతకము, 12 వోల్టుల కాభయము లేదు.

ఈ బ్యాటరీకి తగిన దీపము ఎల్.ఇ.డి. 1962లో అమెరికాలో నిక్ హోలన్యాక్ ఎర్రనిదానిని జేసెను. తెల్లని కాంతికి నీలిదీపము గావలసియుండెను. దానిని సాధించిన జపాను శాస్త్రజ్ఞులు అకసాకి, అమానో, నకమురా అను ముగ్గురకు 2014లో నోబెలు బహుమతి లభించినది. 9 వాట్ల ఎల్.ఇ.డి. పూర్వపు 60 వాట్ల బల్బునకు సాటి. వేడి కొద్ది; గుడ్డయంచున తోరణమువలె గుట్టినను సాధారణముగ గుడ్డను కాల్చదు. నేటి యిటువంటి యాత్రికులు దీపపుపట్టీని వసారా యంచున బిగించి, పగలు సూర్యరశ్మితో బ్యాటరీ నింపుకొని, రాత్రి వెలిగించుకొందురు. పసుపుచాయ వెలుగైనచో పురుగులు తక్కువగా మూగును.

అయినను 12 వోల్టులని యేమరుట కూడదు. 24 వాట్ల దీపమాలకు 230 వోల్టులవద్ద ఆంపియరులో పదియవ వంతు చాలును. 12 వోల్టులవద్ద రెండు ఆంపియర్లు పారవలయును. ప్రవాహము హెచ్చు గనుక తీగె లావుగ నుండవలయును. తీగెలు రెండును ఒరసికొన్నచో బ్యాటరీలోని శక్తి యంతయు నొక్కసారి తీగెను గాల్చును. కావున తెలిసినవారు బ్యాటరీ చెంతనే ఫ్యూజు నుంతురు. కాపరి పని ఇప్పుడు ఆ ఫ్యూజు చేయుచున్నది.

పెద్దలారా! మన పందిళ్లకు ఈ చరిత్ర చెప్పునదేమి? తోలుబొమ్మలవాడు తెరకు చేరువనే మంట నుంచియు తెల్లవార్లు తెరను గాపాడెను. మంటయే లేని దీపమును దెచ్చుకొన్న మనము పందిరిని గాపాడుకొనలేకపోతిమి. లోపము దీపమున లేదు, కాపరి లేకుండుటలో నున్నది. కావున పందిరి వేయించునాడు ఇవి యడుగుడు. బయటికి దారు లెన్ని? ఒక్కటే యైన రెండవది తెరిపించుడు. దానికడ్డముగ వంటపాత్రలు, కుర్చీలు పెట్టనీయకుడు. జనరేటరు పందిటికి దూరముగ నున్నదా? తీగెల యతుకులు గుడ్డకో తాటాకుకో తగులుచున్నవా? వేడిదీపములు గుడ్డకు జేరువగ నున్నవా? ప్రమాదము కలిగినచో విద్యుత్తు నాపు ట్రిప్పు స్విచ్చి యున్నదా? అది యెచ్చటనున్నదో ఎరిగినవాడు ముహూర్తము ముగియువరకు అచ్చటనే యుండునా? నీళ్లును ఇసుకయు నింపిన బకెట్లు సిద్ధముగ నున్నవా? దీపములవాడు మొగమాటపడి అన్నియు సరిగానున్నవనును. మీరు స్వయముగ నడచి చూడుడు.

పురోహితుని, వంటవానిని, మేళమువారిని ముందుగా మాటాడుకొందుము గదా! వారితోపాటు ఆ రాత్రికి దీపపు కాపరిగ నొకని నియమించి, వానికి తాంబూల మిచ్చి, భోజనము పెట్టి, గౌరవింపుడని మనవిచేయుచు విరమించుచున్నాను.