సైనికుడని యెవరిని పిలువవలెను?

యుద్ధమున నంగహీనుడై తిరిగివచ్చినవానిని రాజ్యము పోషింపవలెననుటకు శాస్త్రప్రమాణము వెదకనక్కరలేదు. అది లోకమంతయు నొప్పుకొనిన ధర్మము. కాని సైనికుడనగా నెవడు? ఏడాది పొడుగున దండులో నుండువాడు మాత్రమేనా? నెలకు రెండు దినములు కవాతు చేసి, తక్కిన దినములలో పాఠములు చెప్పుకొనువాడును, పొలము దున్నుకొనువాడును సైనికుడు కాడా? అమెరికా సంయుక్తరాష్ట్రముల చరిత్ర ఈ ప్రశ్నకు విచిత్రమైన సమాధానము నిచ్చుచున్నది.

పీక్వట్ తెగవారితో పోరు సంభవించిన దినములలో, 1636 సంవత్సరమున, ప్లిమత్ వలసవారు ఒక శాసనము చేసికొనిరి. సైనికుడుగా పంపబడి యవయవము పోగొట్టుకొని వచ్చినవానిని బ్రదికినంతకాలము వలసరాజ్యమే పోషింపవలెనని దాని సారాంశము. ఆ యేడే మసాచుసెట్స్ బే వలసలో పౌరదళములు రెజిమెంట్లుగా నేర్పడెను. నేటి నేషనల్ గార్డు తన పుట్టుక నచ్చటినుండియే లెక్కించుకొనును. అప్పటికి ఆ వలసలలో స్థిరసైన్యము లేదు. పోరు ముగిసినంతనే యెవరి నాగలి వారు పట్టుకొనెడివారు. కావున ఆ తొలి వాగ్దానము అంశకాల సైనికునికే చేయబడినదని పాఠకులు గమనింపవలెను.

పిమ్మట స్థిరసైన్యము బలిసినది. పౌరదళములకు 1903 నాటి చట్టము ఏటికి 24 కవాతులను, 5 దినముల శిబిరమును విధించెను. 1916 నాటి చట్టము వానిని 48 కవాతులుగను, 15 దినములుగను పెంచెను. విధి పెరిగినంతగా హక్కు పెరుగలేదు. 1944 జూన్ 22వ తేదీన రూజ్వెల్టు సంతకము చేసిన ప్రసిద్ధ శాసనము, చదువునకు, గృహమునకు, నిరుద్యోగమునకు సహాయము చూపెను. కాని దాని ద్వారమున 90 దినముల క్రియాశీల సేవ యను గడియ బిగింపబడినది. విధి నిర్వహణమున గాయపడి విడుదలయైనవానికి మాత్రము ఆ గడియ సడలింపబడెను.

నేటికిని ఆ దేశపు చట్టము క్రియాశీల సేవనే ప్రధానముగ నడుగును. వార్షిక శిక్షణలో రోగముచేతగాని, గాయముచేతగాని వికలుడైనవాడు అర్హుడగును. వారాంతపు కవాతులో నైనచో గాయము మాత్రమే లెక్కకు వచ్చును. గుండెపోటును, పక్షవాతమును 2000 సంవత్సరమున దానికి జేర్చిరి. గవర్నరు ఆజ్ఞపై రాష్ట్రసేవలో వరదనీట దిగి ప్రజలను గాచిన దినములు, కేంద్రప్రభుత్వపు లెక్కలో సైనికసేవ కానేకావు. మనిషి యొకడే, దుస్తు లవియే. ఆజ్ఞ యెవరిదో యనుదానిపై భేదము. కవాతున మోకాలు విరిగినవాడు ఆనాడే దానిని కాగితమున కెక్కించుకొనకున్నచో, ముప్పదియేండ్ల పిమ్మట దానిని రుజువు చేయుట మిక్కిలి కష్టము.

దీనికి సమాధానముగా ఒక వాదము కలదు. రణరంగము చూడనివానికిని, చూచినవానికిని సమానముగ పెట్టుట మొదటివానికి దానమును, రెండవవానికి అవమానమును అగునందురు. ఈ మాట త్రోసివేయదగినది కాదు. అయినను పిలుపు వచ్చిన క్షణమున ఉద్యోగమును, భార్యాబిడ్డలను విడిచి పోవుదునని ప్రమాణము చేసి, యిరువదియేండ్లు వేచియున్నవాని వేచియుండుటకు వెల లేదా? ఆ దేశమే క్రమముగ దీని నొప్పుకొనినది. 20 సంవత్సరముల రిజర్వు సేవకు 60వ యేట పింఛను 1948లోను, ఆరేండ్ల యొడంబడికకు విద్యాసహాయము 1984లోను, ఆరేండ్ల సేవకు గృహఋణపు హామీ 1992లోను వచ్చినవి. 2016లో, ఎన్నడును యుద్ధమునకు పిలువబడక 20 సంవత్సరములు ముగించినవారిని మాజీ సైనికులని గౌరవింపవచ్చునని శాసించిరి. ఆ పేరువలన క్రొత్త లాభమేదియు కలుగదనియు అందే వ్రాసిరి. పంక్తిలో కూర్చుండబెట్టి విస్తరి వేయకుండుట వంటిది ఈ గౌరవము.

ఇది పరదేశపు కథ యని మనము నవ్వుకొనరాదు. 1949 అక్టోబరు 9వ తేదీన రాజగోపాలాచారిగారు ప్రారంభించిన మన టెరిటోరియల్ ఆర్మీలోను ఈ చిక్కే కలదు. సేవకు పిలువబడి గడపిన కాలమునకు పింఛను పొందినవారు, విధిలో వికలులైనవారు, శౌర్యపతకములు పొందినవారు మాజీ సైనికులుగ నెన్నబడుదురు, తక్కినవారు కారు.

ఖజానాకు లెక్క కావలసినదే. కాని 1636 నాటి యా పల్లెవాసులు, పంపినప్పుడు పోయెనా, గాయపడి వచ్చెనా యని మాత్రమే యడిగిరి; దినములు లెక్కింపలేదు. వారికంటె మిక్కిలి ధనవంతములైన నేటి రాజ్యములు వారికంటె నెక్కువ ప్రశ్న లేల యడుగవలెనో మాకు బోధపడకున్నది.