చిరాగ్ కింద చీకటి

ఫోన్‌లో రాత్రి వీధుల ఫోటోలు అని వెతికి చూడండి. ముందు జపాన్ వస్తుంది. టోక్యోలో షింజుకు, ఒసాకాలో దోతోన్‌బోరి. వానకి తడిసిన రోడ్డు, దాని మీద ఎరుపూ నీలం సైన్‌బోర్డుల రోషనీ, మధ్యలో గొడుగు పట్టుకుని నడిచిపోతున్న ఒక మనిషి. ఎక్కడెక్కడి ముసాఫిర్లో అక్కడికి వెళ్లి ఇదే తస్వీర్ మళ్లీ మళ్లీ తీస్తున్నారు. ఖూబ్‌సూరత్‌గానే ఉంటాయి, కాదనను. అవి చూసినప్పుడల్లా నాకో సవాల్ వస్తుంది. ఉర్దూ సవాల్ అండీ, అంటే ప్రశ్న. తెలుగు సవాల్ కాదు. మా నరసరావుపేట, మాచర్ల, గురజాల రాత్రులు ఏవి? యాభై ఏళ్ల కిందట మా మొహల్లా రాత్రిపూట ఎలా ఉండేదో చూపించే తస్వీర్ మా ఇంట్లో లేదు. ఇరుగుపొరుగు ఇళ్లలో అడిగాను, వాళ్ల దగ్గరా లేదు.

కెమెరా పుట్టినప్పుడు రాత్రి సంగతి దేవుడెరుగు, పగలే దానికి సరిగా కనపడేది కాదు. 1838లో దాగెర్ అనే ఫ్రెంచి ఆయన పారిస్‌లో తన కిటికీలోంచి బులేవార్ ద్యు టెంపుల్ అనే వీధిని ఫోటో తీశాడు. గుర్రబ్బండ్లూ జనమూ తిరిగే పెద్ద బజారు అది. ఫోటోలో చూస్తే కర్ఫ్యూ పెట్టినట్టు ఖాళీ. పలక మీద బొమ్మ పడటానికి నిమిషాలు పట్టేది, కదిలే మనిషి ఎవడూ దాని మీద నిలబడలేదు. ఒక్కడు మాత్రం దొరికాడు. బూట్లు పాలిష్ చేయించుకోడానికి కాలు ఎత్తిపెట్టి కదలకుండా నిలబడ్డ ఆసామి. ఫోటోలో దొరికిన మొట్టమొదటి మనిషి ఆయనే అంటారు. మరి పాలిష్ చేసేవాడు? ఉన్నాడు, మసగ్గా. చేతులాడిస్తున్నాడు కదా. పని చేయించుకున్నవాడు బొమ్మలో పడ్డాడు, పని చేసినవాడు మరకగా మిగిలాడు. నూట ఎనభై ఏళ్లు దాటినా ఈ లెక్క పెద్దగా మారలేదని నా ఖయాల్.

మన వైపు ఈ ఫన్‌కి ఉస్తాద్ రాజా దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇందోర్‌లో కొలువు చేసి, చివరికి హైదరాబాద్ చేరాడు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆయనకి ముసవ్విర్ జంగ్ అని ఖితాబ్ ఇచ్చాడు. ముసవ్విర్ అంటే బొమ్మ గీసేవాడు, జంగ్ అంటే యుద్ధం. కత్తి పట్టేవాళ్లకిచ్చే ఖితాబ్‌ని కెమెరా పట్టినవాడికి ఇచ్చారు! పర్దా పాటించే ఖవాతీన్ కోసం 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో పెట్టి, దానికి ఒక ఇంగ్లీషు ఆవిడను ఇన్‌చార్జిగా ఉంచాడు. దర్బార్లు, షికార్లు, కోటలు, కరువు పనుల దగ్గర బక్కచిక్కిన జనం, అన్నీ తీశాడు. నేను చూసినవాటిలో ఆయన బజార్లన్నీ పగటి బజార్లే. అది ఆయన లోపం కాదు. గాజు పలకకి సూరజ్ కావాలి.

రాత్రిని ఫోటోలోకి లాక్కొచ్చింది మందుపొడి. 1887లో జర్మనీలో ఇద్దరు మెగ్నీషియం కలిపి ఫ్లాష్ పొడి తయారుచేశారు. నిప్పు తగలగానే భగ్గుమని ఒక్క లిప్త కాలం పట్టపగలు. దాన్ని పట్టుకుని న్యూయార్క్‌లో జేకబ్ రీస్ అనే పోలీసు వార్తల రిపోర్టరు ఇరుకు కొట్టాల్లోకి రాత్రిపూట జొరబడి పేదలు ఎలా పడుకుంటున్నారో తీశాడు. 1890లో పుస్తకం వేశాడు, నగరం ఉలిక్కిపడింది. మంచిపనే. కానీ ఆ ఫోటోల్లో మొహాలు చూడండి, నిద్రలోంచి లేపి వెలుగుతో కొట్టినట్టుంటాయి. ఇంకో జర్నలిస్టు, పారిస్‌లో బ్రసాయ్, అలా కొట్టకుండా స్టాండు మీద కెమెరా పెట్టి వీధి దీపాల వెలుగు కోసం ఓపిగ్గా కాచుకునేవాడు. టైము చూసుకోడానికి సిగరెట్ వెలిగించేవాడట. ఒక రకం సిగరెట్ అయిపోతే ఇంత వెలుతురు పడ్డట్టు, మరీ చీకటైతే ఇంకాస్త లావు రకం. 1933లో రాత్రి పారిస్ పుస్తకం వచ్చింది. మా పల్నాడులో అయితే బీడీల లెక్క అయ్యుండేది.

ఇంతకీ అప్పట్లో పల్నాడు పల్లెల్లో రాత్రి వెలుతురంటే ఏంటి? లాంతరు, దివిటీ. పండగకో పెళ్లికో పెట్రోమాక్స్. మా వాళ్లు గ్యాస్ లైటు అనేవాళ్లు గానీ అందులో మండేది కిరసనాయిలు. పంపు కొట్టి గాలి ఎక్కిస్తే పైన బూడిదలాంటి జాలీ సంచి తెల్లగా భగభగలాడేది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో తయారైన సామాను అది. పెట్రోలియంలో సగమూ, మాక్స్ గ్రేట్జ్ అనే ఆయన పేరులో సగమూ కలిపి పెట్టిన పేరు. బెర్లిన్‌లో పుట్టి మా మొహల్లాలో షబ్‌గష్త్ చేసింది! షబ్‌గష్త్ అంటే తెలియనివాళ్లకి: నికాహ్‌కి ముందు రాత్రి దూల్హాని ఊరేగించడం.

మా నానా ఆ లైట్లు అద్దెకిచ్చే షాపులో పనిచేసేవాడు. సాయంత్రం నుంచే జాలీ కట్టడం, పంపు కొట్టడం. రాత్రికి గుడ్డ చుట్ట చేసి నెత్తిన పెట్టుకుని, దాని మీద లైటు పెట్టుకుని నడవడం. బస్, బుస్సుమని నెత్తి మీద శబ్దం, మెడ మీద సెగ, చుట్టూ దీపప్పురుగులు. హిందువుల పెళ్లయినా మావాళ్ల షాదీ అయినా అదే నడక. మొహర్రంలో తొమ్మిదో రాత్రి పీర్లు లేచినప్పుడు, అలావాలో నిప్పులు కణకణలాడుతుంటే, ఊళ్లో అన్ని కులాలవాళ్లూ దూలా దూలా అని ఎగురుతుంటే, పంజాల మీద వెలుగు పడేలా పక్కన నిలబడేది ఆయనే. కారెంపూడి వీరుల తిరునాళ్లకి కూడా లైటు మోశానని చెప్పేవాడు. కార్తీక అమావాస్యకి మొదలయ్యే తిరునాళ్ల కాబట్టి పైన చందమామ కూడా ఉండడు. నాగులేరు ఒడ్డున దివిటీలే దిక్కు.

మా అబ్బా షబ్‌గష్త్ ఫోటో ఒకటి ఉంది. డెబ్బైల నాటి నలుపు తెలుపు. టౌను నుంచి స్టూడియో ఆయన వచ్చి ఫ్లాష్ కొట్టి తీశాడు. సెహరా కింద అబ్బా మొహం సగం కనిపిస్తుంది, చుట్టూ చుట్టాలు పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. కుడి అంచున తెల్లగా కాలిపోయినట్టు ఒక మచ్చ. అది పెట్రోమాక్స్. దాని కింద మనిషి ఉండాలి. చెయ్యి మాత్రం కనిపిస్తుంది, లైటు పట్టీ మీద నాలుగు వేళ్లు. మిగతాదంతా నలుపు. దీపం అడుగున ఇత్తడి ట్యాంకు ఉంటుంది కదా, దాని నీడ సరిగ్గా మోసేవాడి మొహం మీదే పడుతుంది. చిరాగ్ తలే అంధేరా అని చిన్నప్పుడు ఉర్దూ స్కూల్లో ముహావరా బట్టీ పట్టించారు. పండితుల గురించి, పాలకుల గురించి అని మాస్టరు అర్థం చెప్పారు. నాకు మాత్రం ఆ నాలుగు వేళ్లే గుర్తొస్తాయి. అవి మా నానావో ఇంకెవరివో చెప్పేవాళ్లు ఇప్పుడు ఇంట్లో లేరు. నానాకి ఉన్న ఫోటో ఒక్కటే, స్టూడియోలో పట్టపగలు కుర్చీలో కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని.

కరెంటు వచ్చాక మోసే మనుషులు తగ్గారనుకుంటాం. శివరాత్రికి కోటప్పకొండ వెళ్లండి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ప్రభలు వస్తాయి, తాటిచెట్లని మించిన ఎత్తు, నిండా రంగు బల్బులు, వెనకాల జనరేటరు. కొండ కింద రాత్రి అవన్నీ వరసగా వెలుగుతుంటే షింజుకు ఏం సరిపోతుంది! ఏటా పేపర్లలో ఆ ఫోటో వేస్తాం. నేనూ పంపాను. ప్రభంతా పడాలంటే దూరం జరగాలి, వెలుగుని బట్టి కెమెరా సర్దితే కింద మోకులు పట్టి లాగేవాళ్లు నల్లటి గుంపైపోతారు. వాళ్లు కనపడాలంటే బల్బులు కాలిపోతాయి. డెస్కు వాళ్లు ఎప్పుడూ బల్బుల ఫోటోనే ఎంచుకుంటారు.

జపాన్‌లో ఈ లెక్కకి ఎదురు తిరిగినవాడు మొరియామా దైదో. 1938లో పుట్టి, చిన్న కెమెరా జేబులో వేసుకుని షింజుకు గల్లీల్లో ఏళ్ల తరబడి తిరిగాడు. ఆయన రాత్రులు గరుగ్గా, చెదిరి, ఫోకస్ తప్పి ఉంటాయి. అరె, బురె, బొకె అని వాటికి జపాన్‌లో పేర్లు కూడా ఉన్నాయి. మరక పడితే పడనీ, మనిషి అక్కడ ఉన్నాడు కదా అన్నట్టుంటాయి. రంగుల సైన్‌బోర్డుల కోసం వెళ్లేవాళ్లకి అవి నచ్చకపోవచ్చు. అదే జపాన్‌లో, క్యోటోలోని గియోన్‌లో, గెయిషాల వెంటపడి ఫోటోలు తీస్తుంటే విసిగిపోయి, 2019లో అక్కడివాళ్లు సొంత గల్లీల్లో ఫోటోలు నిషేధించారు. తీస్తే పదివేల యెన్‌ల జరిమానా అని బోర్డు పెట్టారు. తస్వీర్‌లో లేకుండాపోవడం ఒక బాధ, అడగకుండా తస్వీర్‌లోకి లాగడం ఇంకో బాధ.

2018 నుంచి ఫోన్లలోకే రాత్రి కళ్లు వచ్చాయి. నైట్ మోడ్ అంటే ఏం లేదు, గబగబా చాలా ఫ్రేములు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చి వెలుతురు కూడబెట్టడమే. ఈలోపు మా వీధుల్లో పసుప్పచ్చ సోడియం దీపాలు పోయి తెల్లటి ఎల్ఈడీలు వచ్చాయి. ఇక ప్రతి గల్లీ రాత్రి తస్వీర్ అయిపోయింది.

2024 మే 13న పోలింగ్. ఆ రోజూ మర్నాడూ నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు ఏం జరిగిందో దేశమంతా టీవీల్లో చూసింది. 144 సెక్షన్ పెట్టారు. షాపులు మూశారు. ఇషా నమాజ్ దాటాక పేటలో మల్లమ్మ సెంటర్ దగ్గర నిలబడి ఫోన్ తీశాను. ఎప్పుడూ ఇసకేస్తే రాలని పల్నాడు రోడ్డు, ఎల్ఈడీల కింద తెల్లగా, పారిస్‌లో దాగెర్ వీధిలా ఖాళీగా ఉంది. ఆయన వీధిలో జనం ఉండీ కనపడలేదు, మా వీధిలో జనం భయపడి ఇళ్లలో ఉన్నారు. మూడు సెకన్లు చెయ్యి కదలకుండా పట్టుకున్నాను. ఫ్రేములోకి ఒక సైకిల్ వచ్చి పోయింది, వెనక టీ ఫ్లాస్కు కట్టి ఉంది. కాపలా పోలీసులకి టీ అమ్ముకునే కుర్రాడు. నా దగ్గరకొచ్చి ఆగాడు.

"మీడియానా భాయ్? ఏదీ, చూపించు."

చూపించాను. రోడ్డు, షట్టర్లు, దీపాలు అద్దంలా పడ్డాయి. మధ్యలో పొగమరకలాంటిది ఒకటి. వాడు వేళ్లతో పెద్దది చేసి చూశాడు.

"నేనేడీ ఇందులో?"

ఇదిగో అని ఆ మరక చూపించాను. నవ్వాడు.

"ఆగమంటే ఆగేవాణ్ణిగా భాయ్" అని, ఒక టీ పోసి చేతికిచ్చాడు.