పిత్తాశయం ఆపరేషన్: ఎన్ని రంధ్రాలు అన్నదే అసలు ప్రశ్నా?

పిత్తాశయంలో రాళ్లకు కెమెరా ఆపరేషన్ అనగానే ఇంట్లోవాళ్లు మొదట అడిగేది, ఎన్ని రంధ్రాలు పెడతారని. వెలుగోడు నుంచి నంద్యాలకో కర్నూలుకో వెళ్లే రోగి విషయంలో ఆ లెక్కకు అంత ప్రాధాన్యం లేదని నా అభిప్రాయం. అయితే ఆధారాలు అన్నిచోట్లా ఒకే బలంతో లేవు.

1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె ల్యాప్రోస్కోపీ అనే ఈ కెమెరా పద్ధతిలో పిత్తాశయం తీశారు. మన దేశంలో 1990లో ముంబయి జె.జె. ఆసుపత్రిలో టెహెంటన్ ఉద్వాడియా చేశారు. సరైన పోలికలు తేలకముందే అది ప్రపంచమంతా పాకిపోయింది. 1996లో షెఫీల్డ్ వైద్యులు 200 మందిని చీటీ పద్ధతిలో విడదీసి, సగం మందికి ల్యాప్రోస్కోపీ, సగం మందికి చిన్న కోతతో ఆపరేషన్ చేశారు. ఎవరికి ఏది జరిగిందో తెలియకుండా అందరికీ ఒకేలా కట్లు కట్టారు. ఆసుపత్రిలో ఉన్న రాత్రుల మధ్యస్థం రెండు వర్గాల్లోనూ మూడే. ఆపరేషన్‌కు పట్టిన సమయం 65 నిమిషాలు, 40 నిమిషాలు. తక్కువ పట్టింది చిన్న కోతకే. ఈ ఫలితాన్ని ఇవాళ్టికి నేరుగా అన్వయించలేం. ఇప్పటి యువ సర్జన్ల చేయి తిరిగింది కెమెరా మీదే.

బొడ్డు దగ్గర ఒకే రంధ్రంతో చేసే పద్ధతిని నాలుగు రంధ్రాలతో పోల్చిన ఒక ప్రయోగం 2013లో వెలువడింది. అందులో ఏడాదిలోగా హెర్నియా వచ్చినవారు ఒకే రంధ్రం వర్గంలో 8.4 శాతం, రెండోదాంట్లో 1.2 శాతం. 200 మందితో చేసిన ఒక్క ప్రయోగమిది, దీనితోనే తీర్పు చెప్పకూడదు. కానీ బస్తాలు మోసే మనిషికి మచ్చ కనపడకపోవడం కన్నా హెర్నియా రాకపోవడమే మేలు కదా!

అసలు భయం పిత్తనాళానికి దెబ్బ తగలడం. ల్యాప్రోస్కోపీలో ఇది వెయ్యికి మూడు నుంచి ఐదు దాకా ఉంటుందని అంచనా. నాళం విషయంలో పొరబడకుండా ఉండేందుకు 1995లో సర్జన్ స్ట్రాస్‌బర్గ్ బృందం మూడు షరతులు సూచించింది: కాలేయానికీ నాళాలకూ మధ్యనున్న త్రికోణంలో కొవ్వు, పీచు పూర్తిగా తొలగించాలి, పిత్తాశయం కింది భాగాన్ని కాలేయం నుంచి విడదీయాలి, పిత్తాశయంలోకి వెళ్లే గొట్టాలు రెండే కనిపించాలి. అప్పుడే క్లిప్పులు వేయాలి. దీని మేలును చీటీ పద్ధతిలో నిరూపించడం దాదాపు అసాధ్యం. ప్రమాదం వెయ్యికి నాలుగు నుంచి రెండుకు తగ్గిందని తేల్చడానికి, మామూలు గణాంక ప్రమాణాల ప్రకారం, ఒక్కో వర్గంలో 11,700 మంది దాకా కావాలి. తర్కం మాత్రం గట్టిది. నేను దాని పక్షమే.

వాపు ఎక్కువై ఆ మూడు షరతులు నెరవేరనప్పుడు కడుపు తెరవచ్చు, లేదా పిత్తాశయాన్ని కొంత వదిలి మిగతాది తీయవచ్చు. మిగిలిన భాగాన్ని మూయకుండా వదిలితే పైత్యరసం కారే అవకాశం ఎక్కువ. మూస్తే ఆ మిగులులో మళ్లీ రాళ్లు పుట్టవచ్చు. రసం కారడం ఇంటికి చేరాక బయటపడవచ్చు. దాన్ని ఆపేందుకు ఎండోస్కోపీతో స్టెంట్ పెట్టేవారు పెద్ద ఊళ్లలోనే దొరుకుతారు. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైనా, వెలుగోడు రోగి జ్వరం, కడుపునొప్పి, పచ్చబడిన కళ్లతో రాత్రివేళ బయల్దేరాల్సిన దూరం అలాగే ఉంది. అందుకే డిశ్చార్జి కాగితంలో ఏ పద్ధతి చేశారు, ఎంత భాగం మిగిలింది, మూశారా లేదా అన్నది రాసి ఉండాలి. ఏళ్ల తర్వాత మరో ఊళ్లో స్కానింగ్ చేసే డాక్టరుకు, తీసేశారనుకున్న పిత్తాశయం మళ్లీ ఎందుకు కనిపిస్తోందో అప్పుడే అర్థమవుతుంది.