సెకనులో యాభయ్యో వంతు

ఏ కాలపు హెవీవెయిట్ బాక్సర్ గొప్పవాడన్న వాదన ఎక్కడ మొదలైనా, ఇద్దరినీ తూచే త్రాసు ఒకటుంటే బాగుండునన్న కోరిక దగ్గరికే చేరుతుంది. 1969లో అమెరికాలో ఆ కోరిక తీర్చబోయారు. 49 పోటీల్లో ఒక్కటీ ఓడకుండా 1956లో రింగు వదిలేసిన రాకీ మార్సియానోనీ, అప్పట్లో నిషేధంలో ఉన్న మహమ్మద్ అలీనీ మయామీలో కెమెరా ముందు తలపడేలా చేశారు. విజేతను కంప్యూటర్ తేలుస్తుందన్నారు. 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో చూపిన సినిమాలో మార్సియానో 13వ రౌండులో అలీని పడగొట్టాడు. అయినా వాదన తెగలేదు. కంప్యూటర్‌కి అందించిన అంకెలు కూడా మనుషుల అంచనాలే కదా. మరి అంచనా కాక నిజమైన కొలత ఉంటే తేలిపోయేదా? బాక్సింగ్‌లో దీనికి జవాబు దొరకదు. బహ్రెయిన్ అథ్లెటిక్స్ చరిత్రలో దొరుకుతుంది.

కెన్యాలో పుట్టి బహ్రెయిన్ తరఫున పరుగెత్తిన రూత్ జెబెట్ 2016 ఆగస్టు 15న రియో ఒలింపిక్స్‌లో 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్ స్వర్ణం గెలిచింది. అప్పటికి ఆమెకు 19 ఏళ్ళు. మరో 12 రోజులకి పారిస్ శివార్లలోని స్టాడ్ ద ఫ్రాన్స్‌లో 8 నిమిషాల 52.78 సెకన్లలో పరుగు ముగించి, బీజింగ్‌లో గుల్నారా గల్కినా 2008లో నెలకొల్పిన ప్రపంచ రికార్డును ఆరు సెకన్లకు పైగా తగ్గించింది. సరిగ్గా అదే స్టేడియంలో 2024 ఆగస్టు 6న, కెన్యాలోనే పుట్టి బహ్రెయిన్‌కే ఆడుతున్న విన్‌ఫ్రెడ్ యావి 8 నిమిషాల 52.76 సెకన్లలో ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. వేరే దేశంలో పుట్టినవాళ్ళకు పౌరసత్వమిచ్చి పతకాలు సాధించడం న్యాయమా అన్న చర్చ ఉంది, ఉండాలి కూడా. ఇక్కడ మాత్రం ఒకే జెండా, ఒకే మైదానం, అవే అడ్డంకులు, అదే గడియారం. తేడా సెకనులో యాభయ్యో వంతు. ఇంత దగ్గరి పోలిక ఏ బాక్సింగ్ అభిమానికీ దొరకలేదు.

గడియారం యావి వైపే ఉంది. కానీ జెబెట్ పరిగెత్తింది డైమండ్ లీగ్‌లో. అక్కడ ముందుండి వేగం పెంచే పేస్‌మేకర్లు ఉంటారు. ఒలింపిక్ ఫైనల్లో ఉండరు. అక్కడ పతకమే లెక్క. యావి ఆఖరి దశలో ప్రత్యర్థి పెరుత్ చెముటాయిని దాటి గెలిచింది. మరోవైపు, ఆ ఎనిమిదేళ్ళలో బూట్లు మారాయి, కొత్త ఫోమూ కార్బన్ పలకలూ వచ్చాయి. ఒలింపిక్స్ కోసం ఆ స్టేడియంలో ట్రాకే కొత్తగా వేశారు. ఇవన్నీ లెక్కలో వేస్తే ఆ యాభయ్యో వంతు దేనికీ రుజువు కాదు. 2017 డిసెంబరులో ఇచ్చిన నమూనాలో నిషేధిత ఔషధం ఈపీవో దొరికి నాలుగేళ్ళ నిషేధం పడిన జెబెట్‌ను అసలు పోల్చడమేమిటని ఎవరైనా అడగవచ్చు. బలమైన అభ్యంతరమే. అయితే రియో పతకం ఆమె పేరు మీదే ఉంది. చరిత్ర రాసేవారు ఆ పతకాన్నీ, ఆ నిషేధాన్నీ పక్కపక్కనే పెట్టాలి. ఒకదాన్ని చూపి మరొకదాన్ని దాచకూడదు.

అలాగైతే పోలికే దండగ అనడం తొందరపాటు. ప్రశ్న మార్చుకోవాలి: తన కాలానికి తెలిసిన హద్దును ఎవరు ఎంత దూరం జరిపారు? ఆ పారిస్ పరుగుల వరకే చూస్తే జెబెట్‌దే పెద్ద అంగ. యావి పరిగెత్తేనాటికే బియాట్రిస్ చెప్కోయెచ్ ప్రపంచ రికార్డును 8 నిమిషాల 44.32 సెకన్లకు దించేసింది. కానీ మొత్తం క్రీడాకారిణిగా నా ఓటు యావికే: 2023లో బుడాపెస్ట్‌లో ప్రపంచ టైటిల్, మరుసటి ఏడు ఒలింపిక్ స్వర్ణం, ఆ నెలాఖరులోనే రోమ్‌లో 8 నిమిషాల 44.39 సెకన్లు. బాక్సర్లకూ ఇదే తూకం వేయాలి. మార్సియానో బరువు 85 కిలోల చుట్టుపక్కల. ఈనాటి హెవీవెయిట్ 90.7 కిలోల పైన మొదలవుతుంది గనుక ఇప్పుడైతే అతను క్రూజర్‌వెయిట్. ఈనాటి భారీకాయుల చేతిలో అతను ఓడిపోవచ్చు. ఆ ఓటమి శరీరాల పరిమాణం గురించి చెబుతుందే తప్ప, తన కాలంలో ఎదురైన ప్రతి ఒక్కరినీ ఓడించినవాడి గురించి చెప్పదు.