కామెట్ కిటికీ మూల

1954 జనవరి 10న రోమ్ నుంచి లండన్ బయల్దేరిన కామెట్ విమానం ఎల్బా దీవి దగ్గర గాలిలోనే ముక్కలై సముద్రంలో పడింది. 35 మంది చనిపోయారు. కొన్ని మార్పులు చేసి మార్చిలో మళ్లీ ఎగరనిచ్చారు. ఏప్రిల్ 8న నేపుల్స్ దగ్గర మరొకటి కూలి 21 మంది పోయారు. ప్రపంచపు తొలి జెట్ ప్రయాణికుల విమానమైన కామెట్ ఎగరడం ఆగిపోయింది.

కామెట్‌ను తయారుచేసిన డి హావిలాండ్ కంపెనీ ఇంజినీర్లు పరీక్షలు చేయకుండా వదిలేసినవాళ్లు కారు. పైకెళ్లాక క్యాబిన్ లోపలి గాలి చదరపు అంగుళానికి 8.25 పౌండ్ల పీడనంతో గోడను బయటికి నెడుతుంది. ఆ గోడ మిల్లీమీటరు మందం కూడా లేని అల్యూమినియం మిశ్రమలోహపు రేకు. వాళ్లు ఒక నమూనా భాగం మీద దానికి రెట్టింపు పీడనం పెట్టారు. తట్టుకుంది. అదే భాగంలో మామూలు పీడనాన్ని ఎక్కిస్తూ దించుతూ పోతే దాదాపు 16,000 సార్ల దాకా నిలిచింది. మరి విమానాలెందుకు పగిలాయి?

దర్యాప్తు చేసిన బ్రిటన్‌లోని ఫార్న్‌బరో విమాన పరిశోధన సంస్థ డైరెక్టర్ ఆర్నాల్డ్ హాల్ బృందం నమూనాను నమ్మలేదు. ప్రయాణికులను మోసిన కామెట్‌నే పెద్ద ట్యాంకులో దించి లోపలా బయటా నీళ్లు నింపింది. గాలితో నింపితే గోడ చిరిగిన క్షణంలో బాంబులా పేలి ఆధారాలన్నీ చెదిరిపోతాయి. నీళ్లు కుదించుకుపోవు కాబట్టి పగులు ఎక్కడ మొదలైందో అక్కడే కనిపిస్తుంది. ట్యాంకు బయటికి చాచిన రెక్కలను జాకీలు వంచుతుంటే, లోపల పంపులు పీడనం పెంచి తగ్గించేవి. రాత్రీ పగలూ ఇదే పని. అసలు ప్రయాణాలనూ కలుపుకుని దాదాపు 3,060వ సారి, జూన్‌లో గోడ చిరిగింది. పగులు ఒక కిటికీ మూల నుంచి బయల్దేరింది.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ తర్వాత తేలిన సంగతి. రెట్టింపు పీడనం పెట్టినప్పుడు నమూనాలో కిటికీ మూలల లోహం హద్దు దాటి శాశ్వతంగా సాగింది. పీడనం తీసేయగానే, సాగని చుట్టుపక్కల రేకు దాన్ని తిరిగి నొక్కింది. ఆ నొక్కుడు అక్కడే ఉండిపోయి, తర్వాతి ప్రతి లాగుడునూ కొంత మింగేసింది. పగులు పుట్టడానికే చాలా ఆలస్యమైంది. ప్రయాణికుల విమానాలు రెట్టింపు పీడనం ఎన్నడూ చూడలేదు, వాటికి ఆ కవచం లేదు. బలాన్ని రుజువు చేయాల్సిన పరీక్షే లోహపు అలసటను, అంటే పదేపదే లాగుడుకు పగులు పుట్టడాన్ని, కప్పిపుచ్చింది.

ఎల్బా దగ్గర సముద్రంలోంచి తీసిన పైకప్పు ముక్కలోనూ ఒక కిటికీ మూల పగులే దొరికింది. మందమైన రేకుతో, మార్చిన కిటికీలతో కామెట్ 4 రకం విమానం 1958లో అట్లాంటిక్ దాటింది. ఇప్పుడు కొత్త విమానం తయారుచేసేవాళ్లు గరిష్ఠ బలం పరీక్షకు ఒకటి, అలసట పరీక్షకు వేరొకటి కేటాయిస్తారు.