తుఫాను జూలైలో ఎందుకు రాదు? మన పత్తి, మిరప చేల మీద రాసి ఉన్న చరిత్ర

ఈరోజు ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. జూలై, ఆగస్టు అంటే వానాకాలం నడిమధ్య. సముద్రం మీద ఎప్పుడు చూసినా మబ్బులే. మరి మన బాపట్ల, చీరాల, నిజాంపట్నం తీరానికి పెద్ద తుఫాన్లు ఆ నెలల్లో ఎందుకు రావు?

తేదీలు ఒకసారి చూడండి. మచిలీపట్నం ఉప్పెన 1864 నవంబర్ 1న. దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19న. కృష్ణా డెల్టా తుఫాను 1990 మే 9న. లైలా 2010 మే 20న. మిచౌంగ్ 2023 డిసెంబర్ 5న. అయితే మే, లేకపోతే నవంబర్, డిసెంబర్. జూలై ఒక్కటీ లేదు.

ఇది ఏదో అలా కుదిరిన లెక్క కాదు. దీని వెనక ఉన్నది మన నైరుతి రుతుపవనమే. గుంటూరు, ప్రకాశం రైతు ఎదురుచూసే ఆ వానే నడి వానాకాలంలో తుఫానుకి అడ్డం నిలబడుతుంది. అది వచ్చే ముందు ఒకసారి, వెనక్కి వెళ్లేటప్పుడు ఒకసారి తలుపు తెరుచుకుంటుంది. తుఫాను ఆ రెండు సందుల్లోంచే వస్తుంది.

ఎలాగో చూద్దాం. తుఫాను పుట్టాలంటే మొదట సముద్రం వేడిగా ఉండాలి. నీళ్లు సుమారు 26.5 డిగ్రీలు దాటి ఉండాలి. మన బంగాళాఖాతానికి అది పెద్ద సమస్య కాదు, మే నుంచి నవంబర్ దాకా ఆ వేడి ఉంటుంది. అంటే వేడి ఒక్కటే కారణమైతే జూలైలో కూడా తుఫాన్లు రావాలి కదా? రావట్లేదంటే ఇంకేదో ఉంది. అదే గాలి.

తుఫాను అంటే సముద్రం మీద నిలబడ్డ ఒక పెద్ద గాలి గోపురం. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తు దాటి పైకి లేస్తుంది. నిటారుగా నిలబడితేనే దానికి బలం. ఇప్పుడు మీరు గడ్డివామి వేస్తున్నారనుకోండి. కింద ఒకడు వామిని తూర్పు వైపు తోస్తున్నాడు, పైన ఇంకొకడు పడమర వైపు లాగుతున్నాడు. వామి నిలుస్తుందా? జూలైలో బంగాళాఖాతం మీద జరిగేది ఇదే. కింద నైరుతి గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది. పైన, సుమారు 14 కిలోమీటర్ల ఎత్తులో, తూర్పు నుంచి పడమరకి గంటకి 100 కిలోమీటర్లు దాటే గాలి ప్రవాహం ఉంటుంది. ఈ రెండింటి మధ్య తుఫాను తల ఒకవైపు, మొండెం ఒకవైపు అయిపోతుంది.

ఆ పై గాలి సంగతి ప్రపంచానికి వివరంగా చెప్పింది ఎవరో తెలుసా? మన తెలుగు శాస్త్రవేత్త, పంచేటి కోటేశ్వరం గారు. తర్వాత భారత వాతావరణ శాఖకి డైరెక్టర్ జనరల్ అయ్యారు. 1958లో ఆయన రాసిన పరిశోధనా పత్రంలో వేసవిలో టిబెట్ పీఠభూమి వేడెక్కడానికీ, ఈ తూర్పు గాలి ప్రవాహానికీ ఉన్న సంబంధాన్ని చూపించారు. పదేళ్ల తర్వాత, 1968లో, అమెరికాలో విలియం గ్రే అనే శాస్త్రవేత్త ప్రపంచంలో తుఫాన్లు పుట్టే చోట్లన్నీ లెక్కగట్టి, కింది గాలికీ పై గాలికీ తేడా ఎక్కువగా ఉన్నచోట తుఫాను బతకదని తేల్చారు. రెండూ కలిపి చదివితే మన ప్రశ్నకి సగం జవాబు దొరికేస్తుంది.

మిగతా సగం ఇది. రుతుపవనం ఉన్నప్పుడు ఒక పొడవాటి అల్పపీడన ద్రోణి ఉంటుంది. టీవీ వార్తల్లో రోజూ వింటాం. జూలై, ఆగస్టుల్లో అది రాజస్థాన్ నుంచి గంగా మైదానం మీదుగా బంగాళాఖాతం పైకొస దాకా పడుకుని ఉంటుంది. అంటే ఎక్కువ భాగం నేల మీదే. అందుకే అప్పుడు పుట్టే వాయుగుండాలు ఒడిశా, బెంగాల్ దగ్గర పుట్టి, తుఫానుగా ముదిరేలోపే నేలకెక్కేస్తాయి. అక్టోబర్ వచ్చేసరికి ఆ ద్రోణి కిందికి జారి నడి సముద్రం మీదకి వస్తుంది. పై గాలి సద్దుమణుగుతుంది. నీళ్లు ఇంకా వేడిగానే ఉంటాయి. ఇప్పుడు పుట్టిన గుండానికి బలపడటానికి రోజుల తరబడి సముద్రం దొరుకుతుంది. మే నెలలో కూడా దాదాపు ఇదే పరిస్థితి. రుతుపవనం ఇంకా నిలదొక్కుకోలేదు, నీళ్లు మాత్రం మరిగిపోతున్నాయి.

ఇప్పుడు ఈ క్యాలెండర్‌ని మన చేల క్యాలెండర్ పక్కన పెట్టండి. పత్తి తొలకరికి, జూన్, జూలైలో పెడతాం. మిరప నారు ఆగస్టు, సెప్టెంబర్‌లో నాటతాం. నవంబర్, డిసెంబర్ వచ్చేసరికి పత్తి కాయ పగిలి తెల్లగా చేను మీద ఉంటుంది. మిరప పూత మీద, కాయ మీద ఉంటుంది. సరిగ్గా రెండో తలుపు తెరుచుకునే టైమ్! తడిసిన పత్తి రంగు మారుతుంది, రేటు పడిపోతుంది. నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే మిరప వేరు కుళ్లి చెట్టు వాలిపోతుంది. మే నెల తుఫానుకి చేలు చాలా వరకు ఖాళీగా ఉంటాయి, కాయ కోల్డ్ స్టోరేజీల్లో ఉంటుంది. అందుకే పంట వరకు చూస్తే మన మెట్ట రైతుకి నవంబర్ తుఫాను భయం ఎక్కువ.

ఇంకో మెలిక ఉంది. ప్రకాశం జిల్లాకి ఏడాది వానలో పెద్ద వాటా ఈ అక్టోబర్, డిసెంబర్ మధ్యే పడుతుంది. చెరువులు నిండాలంటే ఆ వాయుగుండాలు కావాలి. వస్తే భయం, రాకపోతే కరువు.

వాతావరణ శాఖ పుట్టింది కూడా సరిగ్గా ఈ రెండు భయాల నుంచే. 1864 అక్టోబర్ 5న కలకత్తాని ఒక తుఫాను ముంచింది. నెల తిరక్కుండానే నవంబర్ 1 రాత్రి మచిలీపట్నాన్ని ఉప్పెన ముంచింది. అక్కడ సుమారు 30,000 మంది పోయారని లెక్క. ఆ వెంటనే 1866లో, మళ్లీ 1871లో రుతుపవనాలు ముఖం చాటేశాయి. దాంతో 1875లో బ్రిటిష్ ప్రభుత్వం దేశం మొత్తానికి ఒక వాతావరణ శాఖ పెట్టి, హెన్రీ బ్లాన్‌ఫోర్డ్‌ని మొదటి అధికారిగా వేసింది. తుఫానునీ రుతుపవనాన్నీ ఒకే ఆఫీసు చూడాలి అన్న ఆలోచన అప్పటిది.

ఆఫీసు పెట్టిన వందేళ్లకి 1977 వచ్చింది. నవంబర్ 19న తుఫాను చీరాల, నిజాంపట్నం వైపు తీరం దాటింది. మరి జనం ఎక్కువగా పోయింది దివిసీమలో కదా, ఎందుకు? మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది. తీరం దాటే చోటికి కుడివైపు, అంటే మనకి ఈశాన్యాన, గాలి సముద్రాన్ని నేల మీదకి తోస్తుంది. ఎడమవైపు గాలి నేల నుంచి సముద్రంలోకి పోతుంది. దివిసీమ ఆ కుడివైపు పడింది. ఐదు మీటర్ల ఎత్తున నీళ్లు ఊళ్ల మీదకి వచ్చాయి. ప్రభుత్వ లెక్క ప్రకారమే 10,000 మంది దాకా పోయారు. తుఫాను ఉందని వాతావరణ శాఖకి తెలుసు. కానీ ఆ మాట చివరి ఊరి దాకా, చివరి గుడిసె దాకా వెళ్లలేదు.

పదమూడేళ్ల తర్వాత, 1990 మే. దాదాపు అదే తీరం. సముద్రం మీద సూపర్ సైక్లోన్ స్థాయికి చేరిన తుఫాను. ఈసారి ఆకాశంలో ఇన్సాట్ ఉంది, ముందు నుంచీ దాన్ని చూస్తూనే ఉన్నారు. లక్షన్నర మందికి పైగా జనాన్ని తీరం నుంచి తరలించారు. చనిపోయినవాళ్లు వెయ్యి లోపే. అది కూడా చిన్న సంఖ్య కాదు, ప్రతి ఒక్కరూ ఒక ఇంటి మనిషే. కానీ 1977 పక్కన పెట్టి చూస్తే, తుఫాను మారలేదు, కబురు చేరడం మారింది.

ఇక 2023 డిసెంబర్. మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. ఎక్కడ దాటుతుందో మన ఫోన్లలోనే ముందుగా చూశాం. ప్రాణాలు కాపాడుకున్నాం. కానీ చేను? చేనుని పునరావాస కేంద్రానికి తీసుకెళ్లలేం కదా. నీళ్లలో నిలబడ్డ మిరప తోటలు, నేలకి ఒరిగిన వరి మీరూ చూసే ఉంటారు. వీటిలో చాలా భాగం కౌలు రైతులవే. కౌలు ముందే కట్టేశారు, పెట్టుబడి అప్పు తెచ్చారు, మొదటి కోత ఇంకా చేతికి రాలేదు.

అంటే 1864 నుంచి మొదలైన కథ సగమే పూర్తయింది. మనుషులకి హెచ్చరిక దొరికింది, పంటకి ఇంకా దొరకలేదు. నాలుగు రోజుల ముందు తెలిసిన కబురుతో రైతు ఏం చేయగలడు? పగిలిన పత్తి తీసి ఇంటికి చేర్చుకోవచ్చు, చేలో నీళ్లు పోయేలా కాలవ తీసుకోవచ్చు, పంట నమోదు, బీమా ఉన్నాయో లేవో చూసుకోవచ్చు. కూలీలు దొరికితేనే అనుకోండి. మిగతాది ప్రభుత్వాలు తేల్చాల్సిన లెక్క.

మీ ఇంట్లో అరవై ఐదు దాటిన పెద్దవాళ్లు ఉంటే ఈ రాత్రి ఒక్క ప్రశ్న అడగండి. "తాతయ్యా, 77 ఉప్పెన రోజు మీకు కబురు ఎలా తెలిసింది?" వాళ్లు చెప్పింది ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. ఏ పుస్తకంలోనూ లేని చరిత్ర అది. ఈసారి అక్టోబర్‌లో వాతావరణ హెచ్చరిక ఫోన్‌లో మోగితే, పక్కకి తోసేసే ముందు ఆ మాట గుర్తొస్తుంది.

మీ పెద్దవాళ్లు ఏం చెప్పారో కామెంట్లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.