విప్‌లాష్: ఒక పోలిక జబ్బైన వైనం

ఇంగ్లీషులో 'విప్' అంటే కొరడా. 'లాష్' అంటే దాని కర్రకు కట్టిన తోలు వారు. ఆ వారు తగిలితే పడే దెబ్బ కూడా. మన బండివాడి చెర్నాకోలను తలచుకుంటే అర్థమవుతుంది. పిడి పట్టిన చెయ్యి కదిలేది కొంచెమే. కొసన వారు మాత్రం విసురుగా వెళ్ళి చెళ్ళుమంటుంది. ఆగివున్న కారును వెనుకనుంచి మరొకటి గుద్దినప్పుడు మెడకు జరిగేదీ ఇంచుమించు ఇదే. సీటు మొండేన్ని ముందుకు తోస్తుంది. తల జడత్వం వల్ల ఉన్నచోటనే ఉండిపోతుంది. మెడ వెనక్కి విరుచుకుంటుంది. మరుక్షణం తల ముందుకు విసురుకుంటుంది. సీటు పైన ఉండే హెడ్‌రెస్ట్ సుఖంగా తల వాల్చుకోవడానికి కాదు, ఈ విరుపును ఆపడానికి. అమెరికాలో 1969 నుంచి కొత్త కార్లలో అది తప్పనిసరి.

ఈ పోలికను వైద్యంలోకి తెచ్చిన ఘనత హెరాల్డ్ క్రో అనే ఎముకల వైద్యుడిదంటారు. 1928లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఒక సభలో, రోడ్డు ప్రమాదాలలో మెడకు దెబ్బ తగిలిన ఎనిమిదిమందిని గురించి ఆయన మాట్లాడాడు. తల కదిలిన తీరు చెప్పడానికే ఆ మాట వాడాడు. 1953లో గే, అబ్బట్ అనే ఇద్దరు వైద్యులు అమెరికన్ వైద్యసంఘం పత్రికలో రాసిన వ్యాసంతో అది బాగా వ్యాప్తిలోకి వచ్చింది.

బాధ మాత్రం కారుకంటే పాతది. రైలు ప్రమాదాల తర్వాత పైకి గాయమేదీ కనిపించకపోయినా నెలల తరబడి బాధపడేవారిని గురించి లండన్ సర్జన్ ఎరిక్సన్ 1866లోనే పుస్తకం రాశాడు. దానికి 'రైల్వే వెన్ను' అన్న పేరు స్థిరపడింది. అది వెన్నుపాముకు తగిలిన దెబ్బ కాదు, భయం ఫలితమని 1883లో హెర్బర్ట్ పేజ్ వాదించాడు. ఆయన ఒక రైల్వే కంపెనీకి వైద్యుడన్న సంగతి మరువరాదు. నష్టపరిహారం ఉన్నచోట నొప్పికి సాక్ష్యం అడుగుతారు.

విప్‌లాష్‌కూ అదే గతి పట్టింది. కదలికకు తానిచ్చిన పేరును వైద్యులు, రోగులు, వకీళ్ళు కలిసి జబ్బు పేరు చేశారని 1964లో క్రో వాపోయాడు. 1995లో కెనడాలోని క్యుబెక్ నిపుణుల బృందం దెబ్బ తగిలిన తీరునూ దాని పర్యవసానాలనూ విడదీసి, బాధను సున్నా నుంచి నాలుగు వరకు మెట్లుగా వర్గీకరించింది.

ఎక్స్‌రేలో ఏమీ లేదని చెప్పినప్పుడు, "అయితే నా నొప్పి అబద్ధమా, డాక్టరుగారూ?" అని అడిగినవారున్నారు. కాదు. ఎముక విరగకపోయినా కండరం, సంధిబంధనం నొచ్చుకోవచ్చు. 'మెడ బెణికింది' అనే మన మాటలో ఎవరు గుద్దారన్నది లేదు; నొప్పి ఎక్కడో మాత్రం ఉంది. వైద్యం మొదలుపెట్టడానికి అది చాలు.